నోటి ఆరోగ్యంలో అంతరాలు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి సీమ

వయసు మీదపడితే పళ్లూడటం మామూలేనని మన పల్లెల్లో గట్టి నమ్మకం. అందులో నిజం కొంతే. చిగురూ ఎముకా పంటిని పట్టి ఉంచే కట్టు, సరిగా చూసుకుంటే, ఎనభై ఏళ్లు దాటినా నిలుస్తుంది. జపాన్ 1989 నుంచి ‘80 ఏళ్లకు 20 పళ్లు’ అనే నినాదంతో పనిచేస్తోంది. ఇరవై పళ్లుంటే మనిషి దాదాపు ఏ తిండైనా నమలగలడన్నది ఆ లెక్కకు ఆధారం. ఆ ఇరవై ఎవరికి మిగులుతాయో, ఎవరికి నలభైల్లోనే పోతాయో వయసొక్కటే తేల్చదు. కూలి, కులం, చదువు, ఆడా మగా తేడా, నోట్లో పెట్టే పొగాకు, ఇంటికీ పళ్ల డాక్టరు కుర్చీకీ మధ్య దూరం అన్నీ కలిసి తేలుస్తాయి. సమాజం అమరిక వల్ల పెద్దల నోళ్లలో ఏర్పడే ఈ తేడాలనే దంతారోగ్య అసమానతలు అంటారు. అమెరికా, బ్రెజిల్ వంటి దేశాల్లో వీటిని ఆదాయంతో పాటు జాతిని బట్టి, ఒంటి రంగును బట్టి కూడా కొలుస్తారు. మన దగ్గర ఆ చోటు కులానిది.

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలు, వాటికి దిగువన కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటి గ్రామాలు, ఎగువన మన్యం అంచు దాకా పరచుకున్న మెట్ట ఈ వ్యాసం పరిధి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు ఏలూరు, బుట్టాయగూడెం, పోలవరం ఏలూరు జిల్లాలో ఉన్నాయి. పాత కృష్ణా జిల్లా నుంచి కైకలూరు, మండవల్లి వాటితో కలిశాయి. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా మిగిలిన పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. గీతలు మారినా మనుషుల రాకపోకలు మారలేదు. పన్ను పోటు వచ్చినవాళ్లు ఇప్పటికీ ఏలూరుకో, తాడేపల్లిగూడేనికో, భీమవరానికో వెళ్తారు.

పుచ్చినవి, పోయినవి, పూడ్చినవి

పంటి జబ్బును కొలవడానికి ప్రపంచమంతా వాడే సూచికను అమెరికాకు చెందిన క్లైన్, పామర్ 1938లో వాడుకలోకి తెచ్చారు. ఒక మనిషి నోట్లో పుచ్చిన పళ్లెన్ని, పుచ్చు వల్ల పోయినవెన్ని, సిమెంటు పెట్టి పూడ్చినవెన్ని అని లెక్కపెట్టి మూడింటినీ కూడతారు. సులువైన లెక్క. కానీ అసమానత దాక్కునేది ఆ కూడికలోనే.

తాడేపల్లిగూడెంలో ఇద్దరు మనుషుల్ని ఊహించుకుందాం. ఒకరు 2015లో అక్కడ మొదలైన ఎన్ఐటీలో పాఠం చెప్పే అధ్యాపకుడు. మరొకరు ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు దించే ముఠా కార్మికుడు. ఇద్దరికీ నలభై ఐదేళ్లు, ఇద్దరి లెక్కా ఆరే. అధ్యాపకుడి ఆరింటిలో ఐదు పూడ్చినవి, ఒకటి క్యాప్ వేసినది. అన్నీ నోట్లోనే ఉన్నాయి, నములుతున్నాయి. ముఠా కార్మికుడి ఆరింటిలో నాలుగు పీకించినవి, రెండు పుచ్చి పోటు పెడుతున్నవి. జబ్బు ఇద్దరికీ ఒకేలా వచ్చింది. వచ్చాక ఏం జరిగిందన్న దగ్గరే దారులు విడిపోయాయి. అందుకే మొత్తాన్ని పక్కనబెట్టి, పోయినవి ఎన్ని, పూడ్చినవి ఎన్ని అని విడివిడిగా అడగాలి. పూడ్చిన పళ్లు వైద్యం అందిన జాడ, పోయిన పళ్లు వైద్యం అందని జాడ.

భారత దంతవైద్య మండలి 2002–03లో జరిపిన జాతీయ సర్వే ఈ మాటకు బలమిస్తుంది. 35 నుంచి 44 ఏళ్ల వయసువారిలో సుమారు 80 శాతం మందికి పుచ్చు పళ్లు, దాదాపు 90 శాతం మందికి చిగుళ్ల జబ్బు ఏదో ఒక స్థాయిలో ఉన్నాయని అది చెప్పింది. ఇంత విస్తారమైన జబ్బును పేదల జబ్బు అనలేం. అందరికీ వచ్చేదే. పన్ను ఊడి పోవడం మాత్రం కొందరికే రాసిపెట్టినట్టు జరుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులున్నవారు ప్రపంచంలో సుమారు 350 కోట్లు. అరవై దాటినవారిలో 23 శాతం మందికి ఒక్క పన్నూ మిగల్లేదు.

పని, తిండి, నీరు

కొల్లేటి నడిబొడ్డున లంక గ్రామాల్లో వడ్డి కులస్థులు, దళితులు ఎక్కువ. 1970ల్లో ప్రభుత్వం వీళ్లతో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. కొన్నేళ్లకు ఆ చెరువులు చాలావరకు బయటి పెట్టుబడిదారుల లీజుల్లోకి వెళ్లాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అభయారణ్యం లోపలి చెరువు గట్లు కొట్టేశారు. సొంత వల వేసుకుని బతికిన ఇళ్లలో చాలామంది చెరువు పట్టుబళ్లకు, మేత వేయడానికి, రాత్రి కాపలాకు కూలీలయ్యారు. ఈ చెరువుల మీద యానాదులు కూడా కుటుంబాలతో కాపలా ఉంటారు. వాళ్లది గట్టు మీద గుడిసె, ఊరికి దూరం.

ఇది పళ్ల గురించిన వ్యాసమేనా అని పాఠకుడికి అనిపించవచ్చు. పంటిని పాడుచేసేది ఎంత తీపి తింటున్నామన్నది ఒక్కటే అయితే ఈ చరిత్ర అక్కర్లేదు. రోజుకు ఎన్నిసార్లు తింటున్నామన్నది అంతకన్నా ముఖ్యం. చక్కెర నోట్లో పడ్డ ప్రతిసారీ పాచిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపు దిగి, పంటి పైపొర మళ్లీ కోలుకోవడానికి అరగంటకు పైగా పడుతుంది. రాత్రి కాపలా మనిషి నిద్ర ఆపుకోవడానికి గంటకో చక్కెర టీ తాగుతాడు. ముఠా కార్మికుడికి బస్తాకూ బస్తాకూ మధ్య ఆకలి ఆపేది ఓ టీ, ఓ బిస్కెట్టు. ఆ అరగంట విరామం వాళ్ల పంటికి దొరకదు. ఆఫీసులో కూర్చునే మనిషి భోజనంతో పాటు తిన్న జిలేబీ కన్నా ఈ పది టీలే పంటికి ఎక్కువ చేటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో, రోజు మొత్తం శక్తిలో అదనపు చక్కెర వాటా పదో వంతు దాటకూడదని, ఇరవయ్యో వంతుకు దించితే ఇంకా మేలని చెప్పింది. చవగ్గా దొరికే శక్తి చక్కెరే అయినవాళ్లకు ఆ సలహా పాటించడం కష్టం.

చక్కెర జబ్బుకూ చిగుళ్లకూ ఉన్న లంకె ఈ డెల్టాలో ప్రత్యేకంగా చూడాలి. ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం పేరిట జరిగిన పరిశీలన ఫలితాలు 2006లో వచ్చాయి. ముప్ఫై దాటినవారిలో సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉందని అందులో తేలింది. పల్లెటూళ్లకు ఆ రోజుల్లో ఎవరూ ఊహించని అంకె అది. మధుమేహం అదుపులో లేకపోతే చిగుళ్లు వాచి, ఎముక కరిగి, గట్టి పన్ను కూడా కదులుతుంది. చిగుళ్లలో చీము ఉంటే రక్తంలో చక్కెర అదుపు తప్పుతుంది. రెండూ ఒకదాన్నొకటి మేపుకుంటాయి. నెలనెలా చక్కెర పరీక్ష చేయించుకునే మనిషి ఈ చక్రాన్ని మధ్యలో తెంచగలడు. పళ్లు కదిలాక డాక్టరు దగ్గరికి వెళ్తే అక్కడ చక్కెర జబ్బు బయటపడే మనిషికి ఆలస్యం రెండు వైపులా జరిగిపోయి ఉంటుంది.

ఇక నీరు. మన రాష్ట్రంలో పళ్ల మీద గార అనగానే గుర్తొచ్చేది ఫ్లోరైడు. దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు నేల మీదే. ప్రకాశం జిల్లా ప్రాంతం, తర్వాత నల్గొండ దానికి పేరుపడ్డాయి. కొల్లేటి సీమ గోడు వేరు. కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు దారిన ఉప్పు ఎగదన్ని, చెరువుల మురుగు కలిసి, బోరు నీరు నోట పెట్టలేని ఊళ్లెన్నో ఉన్నాయి. జనం డబ్బా నీళ్లు కొంటారు. ఆర్వో యంత్రం ఉప్పుతో పాటు ఫ్లోరైడును కూడా చాలావరకు తీసేస్తుంది. అక్కడ పంటికి దొరికే ఫ్లోరైడు ఇక పేస్టులోదే. బొగ్గుతో, కచ్చికతో, ఇటుకపొడితో తోముకునే ఇంట్లో అదీ ఉండదు. పైగా ఆ గరుకు పొడులు పంటి పైపొరను అరగదీస్తాయి. వేపపుల్లను మాత్రం వీటితో కట్టి తిట్టకూడదు. చిగుళ్ల మీద ఒత్తకుండా ఓపిగ్గా తోమితే పాచి బాగానే పోతుంది. ఫ్లోరైడు ఇవ్వలేకపోవడమే దాని లోపం.

చుట్ట, ఖైనీ, నోటి క్యాన్సర్

ఏలూరు జిల్లా మెట్టలో జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వర్జీనియా పొగాకుకు పేరున్న ఊళ్లు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టకు వెళ్తుంది. పొగాకు పండే నేలలో పొగాకును చెడ్డదనడం ఇంట్లో మనిషిని చెడ్డవాడనడంలా ఉంటుంది. అయినా చెప్పక తప్పదు.

2016–17 నాటి ప్రపంచ వయోజన పొగాకు సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు వాడే పెద్దలు సుమారు 20 శాతం, దేశం మొత్తం మీద 28.6 శాతం. దేశంలో నమిలేవాళ్లు ఎక్కువైతే మన రాష్ట్రంలో కాల్చేవాళ్లు ఎక్కువ. సగటు తక్కువ కదా అని ఊరట పడటానికి లేదు. పొగాకు వాడకం పేదల్లో, చదువు లేనివారిలో, గిరిజనుల్లో ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ప్రతిసారీ చూపుతున్నాయి. బుట్టాయగూడెం, పోలవరం మన్యంలో కోయ, కొండరెడ్డి పెద్దలకు చుట్ట పనిలో తోడు, చలిలో వెచ్చదనం. ఆక్వా పరిశ్రమలకు ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన కూలీల దవడలో ఖైనీ ఉంటుంది. రాష్ట్రంలో గుట్కాను 2013 నుంచి నిషేధించినా కిళ్లీ కొట్టు వెనక దొరుకుతూనే ఉంది.

ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అనే అలవాటుంది. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టి పీల్చడం, అదీ ఎక్కువగా ఆడవాళ్లు. శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా పల్లెవాసుల్ని పరీక్షించి పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 1971లో ప్రచురించిన అధ్యయనం, ఈ అలవాటు అంగిట్లో తెచ్చే మార్పుల్ని ప్రపంచానికి చూపించింది. ఈ అలవాటు లేని చోట అంగిలి క్యాన్సర్ అంతగా కనబడదు. నోటి జబ్బు అలవాటును బట్టి, అలవాటు బతుకును బట్టి ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన తెలుగు ఉదాహరణ లేదు.

పొగాకుకు ఇంకో దారి ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. పిప్పి పన్ను పోటుకు పొగాకు కాడ పెట్టి నొక్కితే తిమ్మిరెక్కి నొప్పి తగ్గినట్టుంటుంది. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లలేని మనిషికి అదే మందు. నొప్పి పోతుంది, అలవాటు ఉండిపోతుంది. వైద్యం అందని లోటు ఇలా జబ్బుకు కొత్త కారణమవుతుంది.

దేశంలో ఏటా లక్షకు పైగా కొత్త నోటి క్యాన్సర్లు బయటపడుతున్నాయి. చాలామంది ముదిరాకే వస్తారు. తెల్ల మచ్చగా ఉన్నప్పుడు నొప్పి ఉండదు. వక్క, గుట్కా వల్ల నోరు బిగుసుకుని రెండు వేళ్లు కూడా పట్టని దశకు వచ్చినా కారం తినడం మానేసి సర్దుకుంటారు. తిరువనంతపురంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి టార్చి వేసి నోళ్లు చూశారు. పొగాకో మద్యమో వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలు దాంతో సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. అందుకు అక్కడ పెద్ద యంత్రాలేవీ వాడలేదు.

ఎంగిలి

తెలుగు సమాజంలో కులాన్ని కొలిచిన గీటురాళ్లలో ఎంగిలి ఒకటి. ఎవరి ముంతలో ఎవరు తాగుతారు, ఎవరి దోసిలిలోకి పైనుంచి నీళ్లు పోస్తారు, టీ కొట్టులో ఎవరికి వేరే గ్లాసు అన్నవన్నీ నోటి చుట్టూ గీసిన గీతలే. 1985 జులైలో కారంచేడులో దళితుల మీద జరిగిన దాడికి నిప్పు రాజేసింది కూడా తాగే చెరువు నీటిని మైలపరచడం మీద వచ్చిన తగాదాయే. నోటిని ఇంత గట్టిగా కులంతో కట్టేసిన సమాజంలో, పక్కవాడి నోట్లో చేయి పెట్టే వైద్యం కులానికి అంటకుండా ఎలా పుడుతుంది?

పల్లెల్లో పన్ను పీకే పని చాలాకాలం నాయీబ్రాహ్మణుల చేతిలో ఉండేది. కురుపు కోయడం, పన్ను తీయడం, వాళ్ల ఇంటి ఆడవాళ్లు కాన్పులు చేయడం ఊరి వైద్యంలో భాగం. ఆ నైపుణ్యానికి గౌరవం దక్కలేదు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చి, చదువుకున్నవారికే ఆ వృత్తి చట్టబద్ధమైంది. రోగి క్షేమానికి అది అవసరమైన చట్టమే. అయితే పాత చేయి తొలగినంత వేగంగా కొత్త చేయి పల్లెకు చేరలేదు. ఆ ఖాళీలోనే చెవిలో పసరు పోసి పంటి పురుగు తీస్తామనేవాళ్లు, జాతరలో పన్ను పీకేవాళ్లు, ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి మాత్రలు నిలబడ్డాయి.

2011 జనాభా లెక్కల్లో పాత పశ్చిమ గోదావరి జిల్లాలో షెడ్యూల్డ్ కులాల వారు సుమారు ఐదో వంతు. భూమి లేని కూలీల్లో వాళ్ల వాటా అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి కులం నోటి మీద పడే దారి రెండు పాయలుగా ఉంది. ఒకటి పేదరికం. రెండోది మర్యాద. పేదరికాన్ని పథకం కొంత తీర్చగలదు. ‘పళ్లు తోముకోవడం తెలీదా’ అని కసిరే ఒక్క మాట మాత్రం ఆ మనిషిని మళ్లీ ఐదేళ్లు ఆసుపత్రి గడప తొక్కనివ్వదు. నోరు తెరవడానికి సిగ్గుపడే మనిషిని ముందు కూర్చోబెట్టి మాట్లాడించడం కూడా దంతవైద్యమే.

ఆడవాళ్లు

గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో వచ్చే మార్పులకు చిగుళ్లు వాచి రక్తం కారడం సహజం, ఆ నెలల్లో పాచి శుభ్రం చేయించుకుంటే తగ్గుతుంది. మన ఇళ్లలో మాత్రం కడుపుతో ఉన్న మనిషి పంటికి చేయి వేయకూడదంటారు. నొప్పి కాన్పు దాకా, కాన్పయ్యాక పాలు మానేదాకా, తర్వాత పిల్లల ఫీజుల దాకా వాయిదా పడుతుంది. కొల్లేటి ఊళ్లలో చేపలు కడిగే, రొయ్యల తలలు తీసే పని ఆడవాళ్లదే. పూట కూలి పోగొట్టుకుని, తోడు మనిషిని వెంటబెట్టుకుని ఏలూరు బస్సెక్కాలంటే ఇంట్లో అందరి అవసరాలూ తీరాకే. పై పన్ను పీకితే చూపు మందగిస్తుందన్న భయం కూడా ఆడవాళ్లలో ఎక్కువ వింటాం. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు.

కుర్చీ ఎంత దూరం

ఈ సీమలో పళ్ల డాక్టర్లు లేరనడం తప్పు. ఏలూరు పక్కన దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంతవైద్య కళాశాల ఉంది. భీమవరంలో విష్ణు దంతవైద్య కళాశాల, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో సిద్ధార్థ దంతవైద్య కళాశాల, విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం రోడ్ల మీద డెంటల్ క్లినిక్ బోర్డులకు కొదవ లేదు. వేసవిలోనో డిసెంబరులోనో అమెరికా నుంచి వచ్చే మనవాళ్లు అక్కడి ఖర్చుకు భయపడి ఇక్కడే రూట్ కెనాళ్లు చేయించుకుని వెళ్తుంటారు. డల్లాస్ నుంచి వచ్చినవారికి దగ్గరైన కుర్చీ, ముప్ఫై కిలోమీటర్ల అవతలి లంక మనిషికి దూరమైంది. 1971లో వేల్స్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ చెప్పిన సూత్రమిదే: వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువగా అందుతుంది, బజారు చేతిలో పెడితే ఇంకా తక్కువగా అందుతుంది.

ఖర్చు చూద్దాం. ఉపాధి హామీ కూలి 2025–26లో ఆంధ్రప్రదేశ్‌లో రోజుకు 307 రూపాయలు. పన్ను పీకించుకుంటే ఖర్చు వందల్లో పోతుంది, ఒక పూటలో పని అయిపోతుంది. అదే పన్నును రూట్ కెనాల్ చేయించి, క్యాప్ వేయించి నిలబెట్టుకోవాలంటే వేలల్లో అవుతుంది, మూడు నాలుగు సార్లు తిరగాలి. మూడు వేలు అనుకున్నా పది రోజుల కూలి. తిరిగిన రోజుల కూలి పోయేది దీనికి అదనం. కాబట్టి ‘పీకేయండి డాక్టరు గారూ’ అనే మనిషికి తెలివి లేదనుకోవడం మన తప్పు. అతని చేతిలో ఉన్న డబ్బుకు అదే సరైన లెక్క. డాక్టరుకు కూడా ఇది బాధే. నిలిచే పన్నును తీయాల్సి రావడం ఆ చదువు నేర్పిన దానికి విరుద్ధం.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదల వైద్యంలో పెద్ద మలుపు. నోటి క్యాన్సర్ శస్త్రచికిత్సకు ఎన్నో కుటుంబాలు అప్పులపాలు కాకుండా అది కాపాడింది. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సల కోసం రూపొందింది. కుర్చీలో కూర్చుని అరగంటలో లేచి వెళ్లే పంటి వైద్యం ఆ అచ్చులో ఒదగదు. ఫలితంగా, పుచ్చును మొదట్లో పూడ్చే చిన్న ఖర్చు మనిషి జేబు మీద, ముదిరాక వచ్చే పెద్ద ఖర్చు ఖజానా మీద పడుతున్నాయి. ఈ అమరిక ఎవరికీ లాభం కాదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో దంతవైద్యం సాధారణంగా సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి స్థాయిలో మొదలవుతుంది. తాడేపల్లిగూడెంలో ఏరియా ఆసుపత్రి ఉంది. ఏలూరులో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలై జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మామూలుగా పంటి కుర్చీ ఉండదు. బడి పిల్లలకు 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పళ్ల పరీక్ష ఉంది. పద్దెనిమిది నిండగానే ఆ గొడుగు పోతుంది. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014–15లో మొదలైంది. 2018 తర్వాత గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాలు ఇవ్వాల్సిన పన్నెండు రకాల సేవల్లో నోటి సంరక్షణను చేర్చారు. కాగితం మీద ఇది మంచి మార్పు.

దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే కొల్లేరు అర్థం కాదు. వానాకాలం బుడమేరు, తమ్మిలేరు పొంగితే లంకలకు దారులు మునుగుతాయి. 2024 సెప్టెంబరు వరదల్లో ఏలూరు–కైకలూరు రోడ్డు మీద పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీరెక్కి రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజుల్లో దవడ వాచిన మనిషి మాత్రలు మింగుతూ నీరు తీసేదాకా ఆగుతాడు. దవడ కింది చీము మెడలోకి దిగితే ఊపిరి అందక ప్రాణం పోయే ప్రమాదముంది. పన్ను పోటే కదా అని తీసిపారేయదగ్గ విషయం కాదు.

బయటి దేశాల్లో

బ్రిటన్ 1948లో జాతీయ ఆరోగ్య సేవను మొదలుపెట్టినప్పుడు పంటి వైద్యాన్ని కూడా ఉచితం చేసింది. దశాబ్దాల నొప్పిని దాచుకున్న జనం కట్టుడు పళ్ల కోసం బారులు తీరారు. ఖర్చు చూసి భయపడిన ప్రభుత్వం 1951లో కట్టుడు పళ్లకు, కళ్లజోళ్లకు రుసుము పెట్టింది. ఆ సేవను కట్టిన మంత్రి అన్యూరిన్ బెవాన్ అందుకు నిరసనగా రాజీనామా చేశారు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ సాధారణ పంటి వైద్యాన్ని మొదటి నుంచీ బయటే ఉంచింది. అక్కడి నల్లజాతి పెద్దల్లో వైద్యం అందని పుచ్చు పళ్లు తెల్లవారితో పోలిస్తే దాదాపు రెట్టింపు మందికి ఉన్నాయి. బ్రెజిల్‌లో నల్లవారు, గోధుమ రంగువారు తెల్లవారికన్నా ఎక్కువ పళ్లు పోగొట్టుకుంటారు. ఆ దేశం జాతీయ దంత సర్వేల్లో ఒంటి రంగును కూడా నమోదు చేస్తుంది, 2004లో ‘చిరునవ్వుల బ్రెజిల్’ అనే పథకం పెట్టి పెద్దలకు కూడా ప్రభుత్వ దంతవైద్యం, కట్టుడు పళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తేడాను లెక్కలోకి తెచ్చిన దేశమే దాన్ని పట్టించుకుందని గమనించాలి. మన దంత సర్వేలు కూడా పోయిన పళ్లను కులం వారీగా, కూలి వారీగా విడదీసి అచ్చువేయడం అవసరం. 2017–18లో 45 ఏళ్లు దాటినవారిని, వాళ్ల జీవిత భాగస్వాములను కలిపి 72 వేలకు పైగా మందిని పలకరించిన జాతీయ వృద్ధాప్య అధ్యయనం నోటి జబ్బుల గురించి కూడా అడగడం అటు ఒక మంచి అడుగు.

అందుబాటులో ఉన్నవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడు పేస్టు, గ్లాస్ అయోనమర్ సిమెంటు, సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు ద్రావణం మూడింటినీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మూడోది చిన్న సీసా. పుచ్చు మీద చుక్క రాస్తే చాలాసార్లు పుచ్చు అక్కడికి ఆగుతుంది. కరెంటు, డ్రిల్లు, కుర్చీ అక్కర్లేదు. రాసిన చోట పన్ను నల్లబడుతుంది, కాబట్టి ముందు పళ్లకు జనం ఒప్పుకోకపోవచ్చు. దవడ పళ్లకు ఆ అభ్యంతరం ఉండదు. పడవ మీద లంకకు వెళ్లే ఆరోగ్య కార్యకర్త సంచీలో పట్టే వైద్యమిది. పళ్లపేస్టు మీద 18 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. ముప్ఫై దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష ఇప్పటికే జాతీయ కార్యక్రమంలో ఉంది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు బీపీ, షుగరు చూసేటప్పుడు టార్చి వేసి నోరు కూడా చూడాలి. ఆ అర నిమిషం తప్పిపోకుండా చూసుకోవాల్సింది పైఅధికారులు.

ఇప్పటికే పళ్లు పోయినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఏ పేస్టూ పనికిరాదు. కర్ణాటక ‘దంత భాగ్య’ పేరుతో, కేరళ ‘మందహాసం’ పేరుతో పేద వృద్ధులకు ఉచితంగా పళ్ల సెట్లు ఇస్తున్నాయి. ఏలూరు, భీమవరం కళాశాలల్లో చదివే పిల్లలు సెట్లు చేయడం పాఠంగానే నేర్చుకుంటారు, అంటే చేసే చేతులు ఇక్కడే ఉన్నాయి. సెట్టు అందకపోతే ఏం పోతుందో తిండి దగ్గరే తెలుస్తుంది. కొల్లేటి లంకల్లో పుట్టి పెరిగిన వడ్డి పెద్దలకు కొర్రమీను పులుసు, ఎండు చేప వేపుడు చిన్ననాటి నుంచీ ఉన్న తిండి. పళ్లు లేని ముసలమ్మ ముల్లు భయానికి చేప ముక్క పక్కనబెట్టి, అన్నంలో పులుసు ఒక్కటే కలుపుకుని మెత్తగా పిసికి మింగుతుంది.